నలుపు పక్కన ముదురు నీలం

నాకు ఇరవై మూడు స్పోర్ట్స్ కార్లు ఉన్నాయి. అన్నీ మా ఇంట్లో టీవీ పైనున్న అద్దాల అల్మారాలో ఉంటాయి. నేను నడిపేది మాత్రం ఇరవై ఆరు సీట్ల మినీ బస్సు. అది తిరుచానూరులో ఒక లాడ్జి వాళ్ళది. అమ్మవారి దర్శనం చేసుకున్న యాత్రికులను పొద్దున తిరుమల కొండ ఎక్కించడం, సాయంత్రం దించడం నా ఉద్యోగం. ఘాట్ రోడ్డు మొదట్లో టైము వేసిన చీటీ ఇస్తారు. ఆ చీటీ ప్రకారం మరీ ముందుగా చేరితే వేగంగా వచ్చావని జరిమానా వేస్తారు. ఇరవై రెండేళ్ళలో నాకు ఆ జరిమానా ఒక్కసారి కూడా పడలేదు. అలాంటివాడికి గంటకు మూడు వందల కిలోమీటర్లు పరిగెత్తే కార్ల మీద మోజు పుట్టింది.

మొదటిది ఒక ప్రయాణికుడు ఇచ్చాడు. బస్సులో మరిచిపోయిన సంచీని ఆయన బస చేసిన గది దాకా తీసుకెళ్ళి ఇస్తే, అందులోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. లోపల జానెడు పొడుగున ఎర్రటి కారు. తలుపు తెరిచి చూశాను. లోపల సీటు బెల్టు ఉంది. గుడ్డతో కుట్టిన బెల్టు, దానికి గోరంత కూడా లేని లోహపు కొక్కెం. మా బస్సులో డ్రైవరు సీటుకు బెల్టు తెగిపోయి అప్పటికి ఆరు నెలలు. ఆ రోజు నుంచి నేను ఆ కార్ల మాయలో పడిపోయాను.

వాటిని బొమ్మలంటే నాకు ఒళ్ళు మండుతుంది. అవి డైకాస్ట్ మోడళ్ళు. అసలు కారుకు కొలతలు తీసి, పద్దెనిమిదో వంతుకు తగ్గించి, కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తారు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. వెనక మూత ఎత్తితే ఇంజను, దాని వైర్లతో సహా కనిపిస్తుంది. ఈ సంగతి మా ఆవిడకు చాలాసార్లు వివరంగా చెప్పాను. ఆమె ప్రతిసారీ ఓపిగ్గా వింటుంది. విన్నాక, "సరేలేవయ్యా, ఆ బొమ్మల మీద దుమ్ము నువ్వే తుడుసుకో," అంటుంది.

ఈ విషయంలో నన్ను అర్థం చేసుకున్న మనిషి ఒక్కడే. తిరుపతి పోయే దారిలో కార్లకు సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు నడుపుతాడు. నేను ఆయనను భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు. ఆయన తాత జట్కా బండ్లకు రంగులు వేశాడట, నాయన లారీలకు వేశాడట, ఈయన కార్లకు వేస్తున్నాడు. షెడ్డులో తెలుగు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు. కోపం వస్తే ఏ భాషా మాట్లాడడు. షెడ్డు ఎదురుగా ఉన్న టీ కొట్టులో మాకు పరిచయం అయింది. నేను ఫోనులో ఒక మోడలు ఫోటో చూసుకుంటుంటే పక్కనుంచి తొంగి చూసి, "తలుపు సందు ఎక్కువుండాది," అన్నాడు. ఆ మాట నిజమే. అప్పటి నుంచి మేము స్నేహితులం.

లాడ్జిలో మంగళవారం మధ్యాహ్నాలు ఖాళీ. అప్పుడు నేను ఆయన షెడ్డుకు పోయేవాడిని. ఉత్తరపు కిటికీ కింద ఒక బల్ల, దాని మీద బాత్రూముకు వేసే తెల్ల టైలు ఒకటి. కార్లను ఆ టైలు మీద పెట్టి పోల్చేవాళ్ళం. ఎండ నేరుగా పడకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బల్ల దగ్గరికి టీ గ్లాసు రాకూడదు. ఒకే కారును ఇద్దరు తయారీదారులు చేస్తే రెండింటినీ పక్కపక్కన పెట్టి, దేనికెంతో నోటుబుక్కులో మార్కులు వేసేవాళ్ళం. మా మార్కుల వల్ల ప్రపంచంలో ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. అయినా అర మార్కు దగ్గర గంటసేపు గొడవపడేవాళ్ళం.

చూడడం తెలియాలి గానీ తేడాలు బోలెడుంటాయి. నాసిరకం దాంట్లో తలుపు తెరిస్తే లావుపాటి వంకర కమ్మీ ఒకటి బయటికి వస్తుంది, పశువుల కొట్టం తలుపుకు ఉన్నట్టు. మంచిదాంట్లో తలుపు తెరిచినా కీలు ఎక్కడుందో తెలియదు. నాసిరకం దాంట్లో హెడ్‌లైటు మధ్యలో దాన్ని బిగించిన ప్లాస్టిక్ మేకు కనిపిస్తుంది. బ్రేకు పళ్ళానికి రంధ్రాలు ఉండాల్సిన చోట నల్ల చుక్కలు అద్దేసి ఉంటాయి. రంగు మందంగా కొట్టేసి, తలుపుకూ బాడీకీ మధ్య ఉండాల్సిన సన్నటి గీతను పూడ్చేస్తారు. వాటిని చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చేది. నేను చక్రాలు, గీతలు చూసేవాడిని. భాయ్ రంగు చూసేవాడు. "మెరుపు రంగు ఏసినాడు సూడన్నా," అనేవాడు. "కారును పద్దెనిమిదో వంతుకు చిన్నది చేసినోడు ఆ మెరుపు పొడిని యాల చిన్నది చెయ్యలా? పెండ్లి చీర మాదిరి ఉండాది." ఆ లెక్కన చూస్తే లోకంలో సగం మోడళ్ళు ఆయన దగ్గర ఫెయిలు.

కిందటేడు నా కళ్ళకు ఒక మంచి జరిగింది. నలభై ఐదు దాటినప్పటి నుంచి దగ్గరివి చదవడానికి కళ్ళద్దాలు వాడుతున్నాను. ఒక మంగళవారం వాటిని ఇంట్లో మరిచిపోయి వెళ్ళాను. కారును ముఖానికి దగ్గరగా పట్టుకుంటే టైరు పక్కన ముద్రించిన అక్షరాలు కనిపించాయి. ఆవగింజలో సగం ఉంటాయి ఆ అక్షరాలు. భాయ్ భూతద్దం పెట్టి తడుముకుంటుంటే నేను ఉత్త కళ్ళతో గడగడా చదివేశాను. యాభై నాలుగేళ్ళ వయసులో కళ్ళు వెనక్కి తిరిగి కుర్రవయసుకు పోయాయని అనుకున్నాను. ఈ సంగతి లాడ్జిలో అందరికీ చెప్పాను. అడగనివాళ్ళకు కూడా చెప్పాను. మా ఆవిడ ఆ గొప్పంతా పొన్నగంటి కూరదని తేల్చి, వారానికి మూడుసార్లు అదే వండడం మొదలుపెట్టింది. నేను కాదనలేదు.

తరువాత కొన్ని నెలలకు భాయ్ చెన్నై నుంచి రెండు కార్లు తెప్పించాడు. రెండూ ఒకే కారు, ఒకే కొలత, తయారీదారులు వేరు. ఎప్పటిలాగే టైలు మీద పక్కపక్కన పెట్టాడు. నేను ముప్పావు గంట చూశాను. మొదటిదాని చక్రాలు బాగున్నాయి, రెండోదాని తలుపు గీతలు బాగున్నాయి. లోపల పరిచిన తివాచీ రెండింటిలోనూ అసలు గుడ్డే. రంగు దగ్గరికి వచ్చేసరికి రెండింటికీ తొమ్మిదేసి మార్కులు వేశాను.

"రెండిటికీ ఒకే మార్కా?" అన్నాడు భాయ్.

"ఒకే రంగు గదా భాయ్. నలుపు కొట్టడం కష్టం. ఇద్దురూ బాగా కొట్టినారు."

ఆయన రెండు కార్లనూ ఇంకొంచెం కిటికీ వైపు జరిపాడు. "మళ్ళీ సూడన్నా," అన్నాడు.

"సూసేదేముండాది? నలుపు నలుపే."

"ఇది నలుపు. అది నీలం."

ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నాకు మండింది. ముప్పావు గంట చూసినవాడిని నేను, తలుపు గీత వెంట్రుకవాసి తేడా ఉంటే పట్టుకునేవాడిని నేను, నాకు నలుపు తెలియదా అని ఒంటికాలి మీద లేచాను. భాయ్ కిటికీలోంచి టీ కొట్టాయనను పిలిచాడు. ఆయన చేతిలో గరిటెతోనే వచ్చాడు. ఈ రెండు కార్లు ఏం రంగో చెప్పమన్నాడు భాయ్. టీ కొట్టాయన గుమ్మంలోనే నిలబడి, "ఒగటి నీలం, ఒగటి నలుపు. దీనికా నన్ను పిల్సింది? ఆడ పాలు పొంగిపోతా ఉండాయి," అని వెళ్ళిపోయాడు.

భాయ్ అంతటితో ఊరుకోలేదు. తెల్ల రంగుల నమూనా రేకులు మూడు తెచ్చి టైలు మీద పరిచాడు. ఒకటి పాల తెలుపు, ఒకటి మీగడ రంగు, ఒకటి నీలిమందు పెట్టిన పంచె తెలుపు. ఆ పేర్లన్నీ ఆయన తరువాత చెప్పినవి. నాకు మూడు తెల్ల రేకులు కనిపించాయి.

"అన్నా, కొండ మీద రోడ్డు ఎట్లా కనపడతా ఉండాది నీకు?" అన్నాడాయన.

"బాగానే ఉండాది," అన్నాను.

అబద్ధం. కొన్నాళ్ళుగా సాయంత్రం దిగేటప్పుడు ఎదురుగా ఏదైనా లైటు కనిపిస్తే అది చెదిరి, ముందున్న అద్దమంతా పరుచుకునేది. దానికి నేను అద్దాన్ని తిట్టాను, వైపరును తిట్టాను, క్లీనింగు పౌడరు మార్పించాను. ముందు పోయే బస్సు వెనక లైట్లు పట్టుకుని దిగడం అలవాటు చేసుకున్నాను. మిగతాదంతా నాకు కంఠతా వచ్చు. ఏ మలుపు తరువాత ఏ మలుపు వస్తుందో, ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ హారన్ కొట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నేను ఆ రోడ్డును చూడడం ఎప్పుడో మానేసి, అప్పజెప్పడం మొదలుపెట్టానని ఆ టైలు ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోలేదు.

"కంటి డాక్టరు దగ్గరికి పో. ఓనరుకు చెప్పు," అన్నాడు భాయ్.

"చెప్తే తాళాలు తీసుకుంటాడు. ఈ వయసులో నన్ను గేటు కాడ కూర్సోబెడ్తాడు. ఇరవై రెండేండ్లు కొండెక్కినోణ్ణి, లాడ్జికొచ్చే కార్లకు సెల్యూట్ కొట్టమంటావా?"

"నా కూతురు నీ బండ్లో తిరుచానూరు నుంచి ఎన్నిసార్లు కాలేజీకి ఎక్కొచ్చింది, నేనెప్పుడన్నా భయపడినానా? ఇప్పుడు ఎక్కించమంటే ఎక్కించనన్నా," అన్నాడాయన. గొంతు పెంచలేదు. రెండు కార్లనూ డబ్బాల్లో పెట్టేసి, టైలు తుడిచి గోడకు ఆనించాడు.

తరువాత మూడు మంగళవారాలు నేను అటు పోలేదు. ఆయన మీద పళ్ళు నూరుతూ గడిపాను. బస్సు మాత్రం రోజూ నడిపాను. నాకు భయంగానే ఉండేది. ఆ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఇక్కడ మా ఓనరు పెట్టిన ఒక ఆచారం గురించి చెప్పాలి. మా లాడ్జిలో మూడు బస్సులు, ముగ్గురు డ్రైవర్లు. ఏటా ఆయుధ పూజ రోజు, బండ్లకు పూజ చేసేముందు, డ్రైవర్లకు కంటి పరీక్ష ఉంటుంది. బండి కళ్ళు కడిగినాక మనిషి కళ్ళు కూడా చూడాలి గదా అని ఆయన వాదన. చాలా ఏళ్ళ క్రితం కంటి డాక్టర్ల దగ్గర ఉండే అక్షరాల పలక ఒకటి కొనుక్కొచ్చి ఆఫీసులో, తాళాలు తగిలించే చెక్క పక్కన మేకు కొట్టాడు. పై వరుసలో పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చిన్నవి. మేము రోజుకు రెండుసార్లు ఆ చెక్క మీద నుంచి తాళాలు తీసి, మళ్ళీ అక్కడే తగిలిస్తాం. ఆ పలక డ్రైవర్లకే కాదు, వంటమనిషికి కూడా నోటికి వచ్చు. పరీక్షలో ఇంతవరకు ఎవరూ తప్పలేదు. అందుకు ఓనరుకు మా మీద చాలా గర్వం.

ఆ ఏడు కూడా పొద్దున్నే బస్సులు కడిగాం. బంతిపూల దండలు వేశాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఆఫీసులో సామాన్లన్నింటికీ దండలు వేశారు, పలకకు కూడా. దండ పై వరుసల మీదుగా వేలాడుతోంది. ఓనరు పలక పక్కన, వీపు గోడకు పెట్టి నిలబడ్డాడు. చేతిలో నోటుబుక్కు. మాలో చిన్నవాడు ముందు నిలబడి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. చూపు పలక మీద లేదు, బయట ఆకుల్లో వడ్డిస్తున్న చక్కెర పొంగలి మీద ఉంది. రెండోవాడూ అంతే. తరువాత నేను. బంతిపూల కింద నల్లటి మరకలు కనిపించాయి. నేను అన్ని వరుసలూ, అడుగున ఉండే చీమతల అక్షరాలతో సహా, ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఓనరు ముగ్గురి పేర్లకూ ఎదురుగా టిక్కు పెట్టాడు.

"మన డ్రైవర్ల కండ్లు జిల్లాలో ఎవురికీ ఉండవప్పా," అన్నాడు.

పెద్దవాడినని ఆఫీసు సామాన్లకు బొట్లు పెట్టే పని ఎప్పుడూ నాదే. కుంకుమ గిన్నె పట్టుకుని టెలిఫోనుకు, రిజిస్టరుకు, తాళాల చెక్కకు పెట్టుకుంటూ వచ్చాను. పలక దగ్గరికి వచ్చి, దండ పక్కకు జరిపి, బొట్టు ఎక్కడ పెడదామా అని ముఖం దగ్గరగా పెట్టాను. దగ్గరివి నాకు బ్రహ్మాండంగా కనిపిస్తాయని చెప్పాను కదా.

ఆ పలక మీద ఒక్క అక్షరం కూడా లేదు. పై నుంచి కింది దాకా మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తులు ఉన్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పక్కకు తిరిగి. చదువు రానివాళ్ళు ఏ వైపు తిరిగిందో చేత్తో చూపించడానికి పెట్టే పలక అది. మేము ముగ్గురం ఆ దువ్వెనల ముందు నిలబడి తెలుగు అక్షరాలు చదివి పాసయ్యాం.

బొట్టు పెట్టాను. బయటికి వచ్చి పొంగలి ఆకు ముందు కూర్చున్నాను. మిగతా ఇద్దరూ జోకులు వేసుకుంటూ తింటున్నారు. ఎవరికీ తెలియదు. నోటుబుక్కులో టిక్కు ఉంది, తాళాలు జేబులో ఉన్నాయి. మర్నాడు పొద్దున ట్రిప్పుకు చిత్తూరు నుంచి వచ్చిన ఒకే కుటుంబం వాళ్ళు నా బస్సులో సీట్లన్నీ తీసుకుని ఉన్నారు, ముసలివాళ్ళు, చంటిబిడ్డలతో సహా. అందులో ఒక బిడ్డకు కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలట. నెయ్యి బాగా వేసిన పొంగలి అది, అయినా అలాగే వదిలేశాను. భాయ్ తన కూతురి గురించి అన్న మాట చెవిలో గింగురుమంటోంది. ఆకు మడిచి లేచాను.

ఓనరు పూజ ముగించి గల్లా దగ్గర కూర్చున్నాడు. తాళాలు ఆయన ముందు పెట్టాను.

"రేపు నేను బండి తీయను సార్. నాకు కండ్లు కనపడ్ల్యా."

"ఇప్పుడే పాసైనావు గదప్పా!"

"అదే సార్. మీరొకసారి పలక సూడండి."

ఆయన నవ్వుతూనే లేచి వెళ్ళాడు. దండ ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత తన నోటుబుక్కులో టిక్కులు చూసుకున్నాడు. "ఇది యాడిదబ్బా? మన పలక యేమైంది?" అన్నాడు. వంటమనిషి గుమ్మంలోంచి జవాబు చెప్పాడు. సున్నం కొట్టేటప్పుడు పాతది కింద పడి పగిలిందట. తానే బజారుకు పోయి వేరేది తెచ్చి తగిలించాడట. "రెండు నెల్లాయ సార్. ఎవురూ అడగలా, నేనూ చెప్పలా," అన్నాడు. ఓనరు తాళాలు తీసి తన జేబులో వేసుకున్నాడు. మిగతా ఇద్దరి తాళాలు కూడా అడిగి తీసుకున్నాడు. పండగ పూట వాళ్ళు నన్ను చూసిన చూపు నాకు బాగానే కనిపించింది. మర్నాడు ఆ చిత్తూరు కుటుంబం బయటి బండిలో కొండ ఎక్కింది.

తిరుపతిలో కంటి డాక్టరమ్మ నా కళ్ళలో చుక్కలు వేసి, దీపం పెట్టి చూసింది. దగ్గరివి ఎలా కనిపిస్తున్నాయని అడిగింది. నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది. అవి మాత్రం ఏడాదిగా అద్దాలు లేకుండానే చదువుతున్నానని, చిన్న కారు టైరు మీద అక్షరాలు కూడా చదవగలనని చెప్పాను. ఆమె తల ఊపి, దాన్ని జబ్బు లక్షణాల కింద రాసుకుంది.

"శుక్లం ముదురుతున్నప్పుడు కొందరికి అలా అవుతుందండీ," అంది. "కంటి లోపలి కటకం గట్టిపడి పసుపు రంగుకు తిరుగుతుంది. కొన్నాళ్ళు దగ్గరి చూపు బాగుపడినట్టు ఉంటుంది. దూరం చూపు పోతూ ఉంటుంది. నీలానికీ నలుపుకూ తేడా తెలియదు. మీరు ఏం పని చేస్తారు?"

చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. నాకు సిగ్గేసింది. ఏడాదంతా ఊరందరికీ చెప్పుకుని మురిసింది ఒక జబ్బు గురించి. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ పొన్నగంటి కూర కట్టను పక్కింటావిడకు ఇచ్చేసింది. ఆ రాత్రి బీరకాయ వండింది.

ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. ఎడమ దానికి నెల ఆగాలన్నారు. కట్టు విప్పిన నాలుగో రోజు, నల్లద్దాలు పెట్టుకుని భాయ్ షెడ్డుకు నడుచుకుంటూ వెళ్ళాను. ఆయన గోడకు ఆనించిన టైలు తీసి బల్ల మీద పడుకోబెట్టి, ఆ రెండు కార్లూ తీసి పెట్టాడు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. ఒకటి నలుపు. ఒకటి నీలం. అంత నీలం నేను చూసి ఎన్నేళ్ళయిందో తెలియదు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. రెండూ నలుపు. ఒకే మనిషికి ఇద్దరు తయారీదారులు చేసిన కళ్ళు. నోటుబుక్కు అడిగి తీసుకుని మార్కులు వేశాను. రంగు విషయంలో కుడిదానికి పది, ఎడమదానికి సున్న. టైరు అక్షరాల్లో ఎడమదానికి పది. కుడి కంటికి టైరు మీద అక్షరాలు ఉన్నదీ లేనిదీ తెలియడమే గగనం. ఆ రెండోది కూడా ఆపరేషన్ అయితే టైరు అక్షరాలు ఇక జన్మలో ఉత్త కళ్ళతో చదవలేను. భాయ్ తన భూతద్దం తుడిచి నా ముందు పెట్టాడు.

"తప్పయింది భాయ్," అన్నాను.

"నా కాడ యేం తప్పన్నా? నాకేమైనా నష్టమా?" అన్నాడు. "నీ ఎనకాల కూసున్నోళ్ళ గురించి భయపడినా, అంతే."

రెండో కన్ను కూడా అయ్యాక, డాక్టరమ్మ నడపవచ్చని కాగితం రాసి ఇచ్చింది. మా ఓనరు కాగితాలను నమ్మడం మానేశాడు. యాత్రికులు లేకుండా ఖాళీ బస్సు తీసుకుని కొండ ఎక్కి దిగమన్నాడు. తాను పక్కన కూర్చుంటానన్నాడు. మంచి పగటిపూట బయలుదేరాం. ఎక్కేటప్పుడు నేను ఒక్క మలుపును కూడా అప్పజెప్పలేదు, చూసి తిప్పాను. రోడ్డు అంచున వేసిన తెల్ల గీత ఒక్కచోట కూడా తెగకుండా కనిపించింది. నాకు సంతోషం ఆగలేదు. కనిపించిన బోర్డునల్లా గట్టిగా చదివాను. ఓనరు మొదట్లో తల ఊపి, తరువాత విని విని విసుక్కున్నాడు.

దిగేటప్పుడు ఒక మలుపు దగ్గర ముందున్న బండ్లు ఆగాయి. నేనూ ఆపాను. లోయ వైపు నడుమెత్తు పిట్టగోడ. అద్దంలోంచి చూస్తే ఆ గోడకు బారెడు పొడుగున ఒక రంగు గీత ఉంది. బస్సు ఒరుసుకుపోతే పడే గీత. గీత చివర గోడ అంచున రెండు రాళ్ళు ఊడిపోయి ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు వేసి దిగాను. అది ముదురు ఎరుపులో కొంచెం గోధుమ కలిసిన రంగు. మా లాడ్జి బండ్ల కోసం భాయ్ తన చేత్తో కలిపి ఇచ్చిన రంగు అది. ఇంకెవరి బండికీ ఆ రంగు లేదు.

ఓనరు కూడా దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గీత మీద వేలు పెట్టి గీకి చూశాడు.

"మన బండ్లు మూడుండాయి, మూడిటికీ పక్కల గీతలుండాయి గదప్పా," అన్నాడు చివరికి. "ముగ్గురిలో ఎవురైనా కావచ్చు."

కావచ్చు. నాకు ఏమీ తగిలినట్టు గుర్తు లేదు, ఎవరూ అరిచినట్టూ గుర్తు లేదు. ముందున్న బండ్లు కదిలాయి. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఓనరు చెయ్యి ఎత్తి వాళ్ళను పక్కనుంచి పొమ్మన్నాడు. రాళ్ళు ఊడిన చోట చెయ్యి ఆనించి, గోడ అవతలికి వంగి చూశాను. చాలా కింద చెట్ల తలలు కనిపించాయి. వాటి ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి.